కడపటి మంచం పిల్లోడు

పోయిన నెల మా ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోనులో ఆఫీసు మెసేజీలకు జవాబులిస్తున్నాను. మధ్యాహ్నం నర్సులకు డ్యూటీ మారే వేళ. ఇద్దరు అమ్మాయిలు వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డారు. ఇంటికి వెళ్ళబోయే అమ్మాయి, అప్పుడే వచ్చిన అమ్మాయికి చెబుతోంది: ఈయనకు ఏ మందు ఇచ్చాం, ఏది ఇవ్వాలి, కట్టు ఎలా ఉంది, పొద్దున ఇడ్లీ తిన్నాడా లేదా. నాకు తెలియకుండానే నేను లేచి నిలబడ్డాను.

"నువ్వెందుకు లేచినావు? జనగణమన పాడతాండారా ఏమన్నా?" అన్నాడు మా ఆయన. కుట్లు లాగుతున్నా వెటకారానికి మాత్రం లోటు లేదు.

సిస్టరమ్మ చేసిన అలవాటది. రిపోర్టు చెబుతున్నప్పుడు కూర్చోకూడదు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మనిషి ఆ ఆసుపత్రి వార్డులో ఒక్కసారిగా గుర్తొచ్చి, మిగిలిన సాయంత్రమంతా నాతోనే కూర్చుంది.

చిక్కపేటలో చీరల హోల్‌సేలు అంగళ్ళ వెనక, చేతిబండి వస్తే మనిషి గోడకు అతుక్కుని నిలబడాల్సినంత సన్న సందులో ఆవిడ ఇల్లు. కింది వాటాలో ఆవిడ ఒక్కతే, పై వాటాలో అద్దెకు మేము. మిలటరీలో నర్సుగా చేసి రిటైరైందని సందులో అందరికీ తెలుసు. ఏ ర్యాంకులో రిటైరైందో ఎవరికీ పట్టలేదు. అందరికీ సిస్టరమ్మే. తాతల నాడు నేతపని మీద వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఆనేకల్‌లో తమ్ముడి కొడుకు ఉన్నాడని చెప్పేది, వాడు పండక్కో పబ్బానికో వచ్చి గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయేవాడు.

కొత్తగా పెళ్ళై హిందూపురం నుంచి వచ్చిన నాతో బెంగళూరులో మొదట తెలుగు మాట్లాడింది ఆవిడే. అదీ తిట్టడమే. సామాను సర్దుకున్నామా లేదా చూద్దామని పైకి వచ్చి, మా పరుపు మీద దుప్పటి చూసింది.

"ఇదేమప్పా, పేషెంటు లేచి పారిపోయినట్ల ఉండాది" అని నన్ను పక్కకు జరిపి, దుప్పటి మూలలు మడిచి పరుపు కిందికి దోపి, అరచేత్తో ఒక్కసారి సాపు చేసింది. ఆ రాత్రి మేమిద్దరం ఆ పరుపు మీద కదలడానికి భయపడుతూ పడుకున్నాం.

ఎవరినీ బాగున్నావా అని అడిగేది కాదు. "నిద్ర పట్టెనా? అన్నం తింటివా? మోషన్ అయ్యెనా?" ఇవే ఆవిడ కుశలప్రశ్నలు. పాలవాడినీ అలాగే అడిగేది, కరెంటు మీటరు చూడవచ్చిన వాడినీ అలాగే. వాడు నోరు తెరిచి, పాపం, నిజమే చెప్పేవాడు. మలబద్ధకం అంటే ఎండుద్రాక్ష ఇచ్చి పంపేది.

ఇంకొక చాదస్తం ఉండేది. మా పాప చిన్నప్పుడు వానాకాలం సందులో బండి కింద పడబోయి తప్పించుకుని బురదలో బోర్లాపడింది. నేను పైనుంచి దిగి వచ్చేలోపలే సిస్టరమ్మ దాన్ని ఎత్తుకుపోయి, చేతులు కాళ్ళు కడిగి, మోకాలికి మందు కూడా రాసేసింది. ముఖం మాత్రం బురద బురదగానే ఉంది. అందులోంచి కళ్ళు మిటకరిస్తోంది పిల్ల.

"మొగం మీ అమ్మ తుడుస్తాదిలే" అంది దానితో, నా వంక చూడకుండా.

ఒక్క మా పాపకే కాదు, ఎవరి పిల్లల ముఖమూ ఆవిడ తుడిచేది కాదు. పిల్లవాణ్ణి ఎత్తుకుంటే మొదట నుదుటి వైపు చూసేది. అక్కడేమీ లేదని తేలాక అప్పుడు ముద్దు చేసేది. దిష్టిచుక్క ఉందో లేదో చూస్తోందనుకునేదాన్ని.

నేను పీణ్యలో మోటారు పంపుల ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తాను. సాయంత్రం చిక్కపేటలో మెట్రో దిగి, మూటల కూలీల మధ్య నుంచి దారి చేసుకుని ఇల్లు చేరేసరికి సిస్టరమ్మ తలుపు తీసుకుని ఉండేది. టేబుల్ మీద స్కూలు పిల్లల నోటుబుక్కు, పెన్ను. ఆ పూట రాయవలసింది రాసేసి ఉండేది.

"రాప్పా. సుమ్నే, ఊరికే రెండు నిమిషాలు నిలబడు. వినేసి పో."

యుద్ధమప్పుడు ఆవిడ రోజూ రాసుకున్న పుస్తకం ఒకటుంది. బంగ్లాదేశ్ యుద్ధం. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదట. తూర్పు సరిహద్దు దగ్గర బడి గదుల్లో మంచాలు వేసి పెట్టిన ఆసుపత్రి. ఆ పుస్తకం కాగితాలు ఎప్పుడో పొడిపొడి అయిపోయాయి. అందుకని రోజుకో పేజీ చొప్పున కొత్త నోటుబుక్కులోకి ఎత్తి రాసేది. మొత్తం అయిపోతే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. ఎందుకమ్మా ఈ పని అంటే, "డ్యూటీలో ఉండే నర్సు చేతిలో రిపోర్టు ఈ పొద్దుటిది ఉండాల, నిన్నటిది ఉంటే మాటొస్తాది" అనేది.

రాసింది తెలుగే, అక్షరాలు మాత్రం కన్నడం. బడిలో నేర్పింది కన్నడం, ఇంట్లో మాట్లాడింది తెలుగు. బెంగళూరు పాత తెలుగువాళ్ళలో ఇలా రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందువల్ల ఆ నోటుబుక్కులు గుట్టుగా దాచుకోకపోయినా, టేబుల్ మీద బార్లా తెరిచే ఉన్నా, చదివినవాళ్ళు లేరు. నాకు రెండూ వచ్చు కనుక నేను దొరికాను.

యుద్ధం గురించి రాసింది కదా, తుపాకులూ బాంబులూ ఉంటాయనుకున్నాను మొదట్లో. ఒక్కటీ లేదు. "రెండో మంచం: పెరుగు అడిగినాడు. లేదు. రేపు తెప్పిస్తామని చెప్పినాను, గుర్తు పెట్టుకోండి. నాలుగో మంచం: ఎడమ కాలు తీసేసినారు, ఇంకా ఆయనకు తెలియదు. దుప్పటి ఆయన ఎదురుగా మార్చొద్దు. ఐదో మంచం: మాట్లాడడు. కిటికీ తెరిస్తే అన్నం తింటాడు." అంతా ఇలాగే. తను భయపడినట్టు గానీ, ఏడ్చినట్టు గానీ, ఆకలేసినట్టు గానీ ఒక్క ముక్క రాసుకోలేదు.

"మీకేమనిపించిందో రాయలేదేం సిస్టరమ్మా?" అని అడిగాను ఒకసారి.

"నాకు అనిపించింది రాస్తే తర్వాత డ్యూటీకొచ్చే బిడ్డకి ఏం పనికొస్తాదప్పా?"

ప్రతి పేజీకీ పైన, పిల్లలు శ్రీరామ రాసుకునే చోట, ఒకటే వాక్యం ఉండేది. "కడపటి మంచం పిల్లోడికి మార్ఫిన్ ఇచ్చి ఉండాది. గుర్తు నేను తుడిచేసినా. మళ్ళీ ఇయ్యొద్దు." దాన్ని ఆవిడ మిగతా వాటికంటే కాస్త గట్టిగా చదివేది. నాకు ఏమీ అర్థమయ్యేది కాదు. ఆఫీసు అలసట, పొయ్యి మీద పెట్టాల్సిన అన్నం, పాప హోంవర్కు. "బాగుంది సిస్టరమ్మా" అని మెట్లెక్కేసేదాన్ని.

ఈ నోటుబుక్కుల సంగతి తెలిసి ఒకసారి తెలుగు సంఘం వాళ్ళు ముగ్గురు వచ్చారు. వార్షికోత్సవం సంచికలో వేసుకుంటాం, మీ వీరోచిత అనుభవాలు చెప్పమన్నారు. సిస్టరమ్మ ముందు ముగ్గురినీ నిద్ర పట్టెనా, మోషన్ అయ్యెనా అని అడిగింది. కార్యదర్శిగారి ముఖం చూసి నేను లోపలికి పోయి నవ్వుకుని వచ్చాను. తర్వాత పెరుగు అడిగిన రెండో మంచం, కిటికీ తెరిస్తే తినే ఐదో మంచం వినిపించింది. వాళ్ళు కాఫీ తాగుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా, మీరు బాంబులు పడడం చూశారా?"

"వాటితో నాకేం పనప్పా? నాకు పడినోళ్ళతో పని."

యూనిఫాంలో ఉన్న ఫోటో ఒకటి పట్టుకుని వెళ్ళిపోయారు. సంచికలో అచ్చైన వ్యాసంలో ఒక నర్సు తుపాకి గుండ్ల వానలో పరిగెత్తి, గాయపడిన సైనికుణ్ణి భుజాన వేసుకుని తెచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చదివి వినిపిస్తే సిస్టరమ్మ శ్రద్ధగా విని, "ఆ నర్సు ఎవరో గాని భలే గట్టి మనిషప్పా" అంది.

ఆ రోజే అడిగాను, కడపటి మంచం పిల్లోడి సంగతి. ఇన్నేళ్ళూ విని అడగనిది ఆ దొంగ వ్యాసం మీది కోపంతో అడిగాను. ఆవిడ ఏమీ దాచుకోలేదు. నేను అడగలేదు కనుక చెప్పలేదు, అంతే.

"ముందర పోస్టులో, అంటే మా కంటే ముందు గాయాలు చూసే చోట, నొప్పికి మార్ఫిన్ ఇచ్చినోళ్ళకి నుదుటి మీద సిరాతో గుర్తేస్తారప్పా. ఇంజక్షన్ ఇచ్చినాము, ఇంత డోసు, పలానా గంటకిచ్చినాము అని. చీటీ రాసి చొక్కాకి కడతారు గాని, మేము చొక్కాలు కత్తిరించి పారేస్తాము గదా, ఆ గడబిడలో చీటీ యాడన్నా పోతాది. నుదురు యాడికీ పోదు. ఆ పొద్దు ట్రక్కులు వస్తానే ఉండాయి. కడపటి మంచంలో ఒక పిల్లోడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. మొగమంతా బురద. సిస్టర్, మొగం తుడుస్తారా అని హిందీలో అడిగె. అదొకటే అడిగె వాడు. నుదుటి మీద గుర్తు చూస్తిని. గంట చూస్తిని. కాగితంలో ఎక్కిద్దామని మనసులో పెట్టుకుంటిని. తడిగుడ్డ తీసుకోని మొగమంతా తుడిస్తిని. తేటగా అయ్యె. నవ్వె. అంతలోనే బయట్నించి పిలిచిరి. నన్ను వేరే ఆసుపత్రికి మార్చినారంట, బండి కదలతాది ఎక్కు ఎక్కు అని. ఎక్కేస్తిని."

నోటుబుక్కులో పై వాక్యం మీద వేలు పెట్టింది.

"రాయలేదు. నా తర్వాత వచ్చినామెకి చెప్పలేదు. వాడి నుదురు చూస్తే ఏమీ లేదు. నొప్పి నొప్పి అని వాడు అరిస్తే ఆమె ఏం చేస్తాది? మందిస్తాది. నేనైనా ఇస్తాను."

"రెండోసారి ఇస్తే ఏమవుతుంది?"

"ఊపిరి నిదానమవుతాది. ఇంకా నిదానమవుతాది" అని, చెయ్యి గాలిలో కొంచెం ఎత్తి, మెల్లగా దించి, టేబుల్ మీద పెట్టేసింది.

బండిలోనే ఆ వాక్యం రాసిందట. చేరిన చోటి నుంచి కబురు పంపితే ఆ ఆసుపత్రి ముందుకు కదిలిపోయిందన్నారు. జవాబు రాలేదు. ఆ పిల్లవాడి పేరు ఆవిడకు తెలియదు, అడిగే తీరిక కూడా దొరకలేదు. వాడు బతికి, పెళ్ళాం పిల్లలతో ఏ ఊళ్ళోనో ముసలివాడై ఉన్నాడో, ఆ సాయంత్రమే పోయాడో తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

"మీతో పని చేసిన నర్సులకు చెప్పలేదా?"

"చెప్పకేం. మేట్రన్‌కి చెప్తిని, స్నేహితురాండ్లకి చెప్తిని. నువ్వు కావాలని చేసినావా, మర్చిపో, దేవుడున్నాడు, అనిరి. అందరూ ఓదార్చినారప్పా. ఒక్కరూ తీసుకోలేదు."

తీసుకోవడం అంటే ఏమిటో అప్పుడు చెప్పింది. డ్యూటీ దిగిపోయే నర్సు ఒక్కొక్క రోగినీ మాటతో అప్పగించాలి. వచ్చిన నర్సు నిలబడి వినాలి, అడగాల్సింది అడగాలి, సరే నాకు అందింది అనాలి. ఆ మాట అనేదాకా మొదటి నర్సు వార్డు వదిలి పోకూడదు. ఇల్లు కాలిపోతున్నా సరే పోకూడదు. ఆవిడ ఆ ఒక్క రోగిని మాత్రం అప్పగించకుండా పోయింది. కాబట్టి ఇంకా డ్యూటీలోనే ఉంది. లెక్క అంత సూటిగా ఉంది ఆవిడకు.

"నేను తీసుకుంటాను సిస్టరమ్మా" అన్నాను.

"నువ్వు నర్సువి కాదు గదప్పా. నీకు అప్పజెప్తే నా మీద ఎంక్వయిరీ వేస్తారు" అని నవ్వింది. నవ్వుతూ అన్నా, చెప్పింది నిజమే. రోజూ సాయంత్రం నన్ను నిలబెట్టి చదివింది నాకోసం కాదు. నర్సు దొరక్క, ఎవరో ఒక మనిషి అని.

ఉదయం రైల్లో నాతో పాటు వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. కదిరి దగ్గర పల్లె. పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సు, ఇక్కడ పీజీ హాస్టల్లో ఉంటుంది. సీటు దొరికితే చాలు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేంత చనువు. ఆ అమ్మాయిని అడిగాను.

"అక్కా, వారానికి ఒక్క ఆఫ్. పొద్దస్తమానం పండుకోవాలనుంటాది" అని గునిసింది. అయినా వచ్చింది, ఆదివారం మధ్యాహ్నం, జడ కూడా వేసుకోకుండా. మార్ఫిన్ సంగతి నేను ముందుగా ఏమీ చెప్పలేదు. ఒక ముసలామె రాసుకున్నది వినాలి అన్నాను, అంతే.

మొదట్లో "అవ్వా, అవ్వా" అంటూ మొహమాటంగా తల ఊపింది. మధ్యలో ఫోను కూడా చూసుకుంది. నాకు పిల్లకు ఒకటి తగిలిద్దామనిపించింది. సిస్టరమ్మ మాత్రం చూడనట్టే ఒక్కొక్క మంచం దాటుకుంటూ వస్తోంది. ఆ పూట పై వాక్యాన్ని మొదట చదవలేదు. వరసలోనే, కడపటి మంచం దగ్గరికి వచ్చాక చదివింది.

అమ్మాయి ఫోను బ్యాగులో పెట్టేసింది. "గుర్తు తుడిచేసినారా? చార్ట్‌లో ఎక్కించినారా?"

"లేదు."

"డోసు ఎంత?"

సిస్టరమ్మ చెప్పింది.

"ఎన్ని గంటలకి?"

అదీ చెప్పింది. పుస్తకం వైపు చూడలేదు.

"మీరొచ్చేటప్పుడు బ్రీతింగ్ ఎట్లుండె?"

"బాగుండె. నవ్వె." అంది సిస్టరమ్మ. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అయ్యో అన్నవాళ్ళే అందరూ.

"మళ్ళీ నొప్పంటే?"

"నొప్పంటే పక్కన కూర్చో బిడ్డా. చెయ్యి పట్టుకో. మందు మాత్రం ఇయ్యొద్దు."

"సరే సిస్టర్." అవ్వ అనలేదు ఈసారి. "కడపటి బెడ్, మార్ఫిన్ ఆల్రెడీ ఇచ్చి ఉండాది, రిపీట్ చేయను. బ్రీతింగ్ చూస్తా ఉంటా. పేషెంటు నాకు అందినాడు. మీరు బయల్దేరండి."

సిస్టరమ్మ పెన్నుకు మూత పెట్టింది. గదిలో నాలుగు వైపులా చూసింది. ఎక్కడికి బయల్దేరాలో తెలియక కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత ఆ అమ్మాయి చెంప నిమిరి, "అన్నం తింటివా?" అని, వంటింట్లోకి నడిచింది. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

పీజీ దాకా దిగబెడుతూ అడిగాను, అలా ఎలా చెప్పగలిగావమ్మా అని.

"ఏముందక్కా, మా డ్యూటీ మాటే కదా." నాలుగడుగులు వేశాక మళ్ళీ అంది. "కోవిడ్ టైంలోది నాకూ ఒకటి ఉండాది. నన్నెవరూ అడగలేదు." ఏమిటని నేను అడిగేలోపలే చేతిబండి ఒకటి మా మధ్యలోకి వచ్చింది. దాటాక ఆ అమ్మాయి వేరే మాట ఎత్తుకుంది.

మరునాడు సంతోషంగానే ఇంటికి వచ్చాను. ఆఫీసులో కూడా రోజంతా ఏదో గొప్ప పని చేసినట్టు తిరిగాను. సిస్టరమ్మ తలుపు తీసే ఉంది. లైటు వేసుకోలేదు. టేబుల్ మీద నోటుబుక్కు మూసి ఉంది. కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆవిడ చేతులు ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం సిస్టరమ్మా, ఈరోజు రాయలేదా?"

"ఎవరి గురించి రాయాలప్పా? వాణ్ణి ఆ బిడ్డకి అప్పజెప్తిని గదా."

"మంచిదే కదా. ఇంక హాయిగా ఉండొచ్చు."

"మంచిదే. రాత్రి బాగా నిద్ర పట్టె." తల ఊపింది. సందులో మూటలు దించుతున్న చప్పుడు కాసేపు విన్నది. తర్వాత నా వైపు తిరిగి, ఎవరో తప్పిపోతే అడిగినట్టు మెల్లగా అంది.

"ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండానని నాకు ఈ పొద్దే తెలిసిందప్పా."